లెగసీ పెడితే చాలదు: విండోస్ 7 మెసేజ్‌కి జవాబు

వైజాగ్‌లో డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు డీటీపీ, ఫ్లెక్స్ పనులు చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఏ కొత్త లాప్‌టాప్‌లోనైనా విండోస్ 7 ఎక్కుతుంది. కొత్త సిస్టమ్‌లు అమ్ముకోవడానికి కంపెనీలే కావాలని అడ్డం పెడుతున్నాయి. బయోస్‌లో సెక్యూర్ బూట్ తీసేసి లెగసీ పెట్టండి, సాటాని ఐడీఈ చేయండి. మౌస్ ఆడకపోతే పెన్‌డ్రైవ్ పాడైనట్టే, మార్చండి. అప్పటికీ ఆగితే బయోస్ అప్‌డేట్ కొట్టండి. ఆఖర్న డ్రైవర్ ప్యాక్ వేస్తే అన్నీ వచ్చేస్తాయి."

దీన్ని నమ్మి లాప్‌టాప్ ఖాళీ చేసుకుని, అటు విండోస్ 11 పోయి, ఇటు 7 ఎక్కక, ముహూర్తాల సీజన్లో పని ఆగిపోయి నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తున్నాను. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను. (బయోస్ అంటే సిస్టమ్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్.)

పాత విండోస్ ఎందుకని వాళ్లను ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. ఏళ్ల తరబడి కట్టిన శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాల ఫైళ్లన్నీ పేజ్‌మేకర్ 7.0లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని సాఫ్ట్‌వేర్లకూ తెలిసే ఉమ్మడి అక్షర కోడ్) కావు. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. పాత సిస్టమ్ కావాలనుకోవడం న్యాయమే. దానికోసం ఎంచుకున్న దారే తప్పు.

ముందు "కంపెనీలే అడ్డం పెడుతున్నాయి" అన్న మాట. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. ఇంటెల్ 7వ తరం నుంచి వచ్చే ప్రాసెసర్లకు విండోస్ 10 మాత్రమే అని మైక్రోసాఫ్ట్ 2016లో చెప్పింది. 2017లో ఆ ప్రాసెసర్లున్న విండోస్ 7 సిస్టమ్‌లకు అప్‌డేట్లే ఆపేసింది. అది కావాలని చేసిన పనే, కోపం రావడం సహజం. కానీ ఆ నిర్ణయం ఆపింది అప్‌డేట్లను. మీ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోవడానికి కారణం అది కాదు. విండోస్ 7 విడుదలైంది 2009 అక్టోబరులో. ఆ తర్వాత వచ్చిన యూఎస్‌బీ కంట్రోలర్, డిస్కు, బూట్ పద్ధతి ఏవీ దానికి తెలియవు. ఎవరూ అడ్డం పెట్టకపోయినా అక్కడ ఆగేదే.

ఇక లెగసీ. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. విండోస్ 7 64 బిట్‌కి యూఈఎఫ్ఐలో (పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ పద్ధతి) బూట్ అవడం వచ్చు. అయితే తెరమీద బొమ్మ తెప్పించుకోవడానికి అది పాత బయోస్ వీడియో సేవల మీద ఆధారపడుతుంది. కొత్త బోర్డుల్లో ఆ పాత సేవలను అందించే భాగం పేరు సీఎస్ఎం. మనం లెగసీ అని పిలిచే ఆప్షన్ నిజానికి దాని తలుపే. 2020కల్లా దీన్ని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో లెగసీ బూట్ లేదు. ఇప్పుడు షాపుల్లో దొరికే లాప్‌టాప్‌లలో చాలావాటికి బయోస్‌లో ఆ వరుసే కనబడదు. సీఎస్ఎం లేని బోర్డు మీద విండోస్ 7 లోగో దగ్గరే బిగుసుకుపోతుంది. ఎంతసేపు చూసినా కదలదు. లోడర్లు అనే చిన్న ప్రోగ్రామ్‌లతో దాన్ని దాటించేవాళ్లున్నారు, కానీ దాటాక గ్రాఫిక్స్ డ్రైవర్ ఉండదు. బ్రైట్‌నెస్ తగ్గదు, రెండో మానిటర్ రాదు. రోజంతా కళ్లుపెట్టి అక్షరాలు సర్దేవాళ్లకు ఆ తెర పనికిరాదు.

లెగసీ ఉన్న బోర్డులో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. అప్పటికే విండోస్ 10 లేదా 11 ఉన్న డిస్కు మామూలుగా జీపీటీ అనే పార్టిషన్ పద్ధతిలో ఉంటుంది, లెగసీలో అది బూట్ కాదు. లెగసీలోకి మార్చగానే "నో బూటబుల్ డివైస్" అని వస్తుంది. డిస్కు పోయిందనుకుని పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టేస్తారు. ఏమీ పోలేదండీ! మళ్లీ యూఈఎఫ్ఐ పెట్టండి, విండోస్ యథాతథంగా లేస్తుంది. సెక్యూర్ బూట్ (సంతకం సరిపోయిన సిస్టమ్‌నే లేవనిచ్చే సెట్టింగ్) తీయగానే 48 అంకెల బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగితే కూడా కంగారు వద్దు. ఆ సెట్టింగ్ తిరిగి పెట్టి చూడండి, లేదా లాప్‌టాప్ కొన్నప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ వెతకండి. కీ లేకుండా ఫార్మాట్ కొట్టాక డేటా తెచ్చి ఇస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

"మౌస్ ఆడకపోతే పెన్‌డ్రైవ్ పాడైనట్టే" అన్నదాన్ని దగ్గరగా చూద్దాం. బయోస్‌లో మౌస్ చక్కగా కదులుతుంది. సెటప్ మొదటి తెర రాగానే కట్టేసినట్టు ఆగిపోతుంది. లాప్‌టాప్ సొంత కీబోర్డు చాలాసార్లు పనిచేస్తుంది కాబట్టి దానితోనే "ఇన్‌స్టాల్ నౌ" నొక్కుతారు. అప్పుడు "ఎ రిక్వైర్డ్ సీడీ/డీవీడీ డ్రైవ్ డివైస్ డ్రైవర్ ఈజ్ మిస్సింగ్" అని వస్తుంది. లాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవే లేదు కదా, ఇదేం అడుగుతోంది అని తలపట్టుకుంటారు. అది అడుగుతున్నది డీవీడీని కాదు, మీరు పెట్టిన పెన్‌డ్రైవ్‌నే. బయోస్‌కి సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉంటుంది. విండోస్ సెటప్ పగ్గాలు తీసుకున్నాక ఆ డ్రైవర్ పక్కకు తప్పుకుంటుంది. విండోస్ 7లో యూఎస్‌బీ 3 కంట్రోలర్‌కి డ్రైవర్ లేదు. 2015లో వచ్చిన ఇంటెల్ 6వ తరం బోర్డుల నుంచి పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్‌నే తీసేశారు. దాంతో అన్ని పోర్టులూ మూగబోతాయి. పోర్టు నల్లదా (యూఎస్‌బీ 2) నీలందా (యూఎస్‌బీ 3) అన్న తేడా కూడా అక్కడ పనిచేయదు. ఎన్ని పెన్‌డ్రైవ్‌లు మార్చినా ఫలితం ఒకటే.

దీనికి మందు ఉంది. యూఎస్‌బీ 3 డ్రైవర్లను డిస్మ్ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైళ్లను మార్చే) కమాండ్‌తో, సెటప్‌ని నడిపే బూట్.విమ్ ఫైల్‌లోని రెండు ఇండెక్సుల్లోనూ (భాగాల్లోనూ), డిస్కు మీదకు ఎక్కే విండోస్ ఉండే ఇన్‌స్టాల్.విమ్‌లోనూ ఎక్కించాలి. బూట్.విమ్‌కి మాత్రమే ఎక్కించి, ఇన్‌స్టాల్.విమ్‌ని వదిలేస్తే సెటప్ మొదటి భాగం బాగానే నడుస్తుంది, రీస్టార్ట్ అయ్యాక మౌస్ మళ్లీ ఆగుతుంది. ఎన్‌వీఎంఈ డిస్కు (కొత్త లాప్‌టాప్‌లలో ఉండే వేగమైన ఎస్ఎస్‌డీ) అయితే కేబీ2990941 అప్‌డేట్ కూడా అదే విధంగా కలపాలి, లేదంటే సెటప్‌కి డిస్కే కనబడదు. ఈ మందు 6వ తరం బోర్డుకు బాగా పనిచేస్తుంది. 12వ తరం లాప్‌టాప్‌కి ఇది చేసినా పైన చెప్పిన సీఎస్ఎం గోడ అలాగే ఉంటుంది.

"సాటాని ఐడీఈ చేయండి" అన్నది విండోస్ ఎక్స్‌పీ కాలపు సలహా. సాటా అంటే డిస్కుని బోర్డుకి కలిపే దారి; ఐడీఈ, ఏహెచ్‌సీఐ దాన్ని నడిపే పాత, కొత్త మోడ్‌లు. విండోస్ 7కి ఏహెచ్‌సీఐ సొంతంగా వచ్చు. సాటాని ఐడీఈ చేసినంత మాత్రాన ఎన్‌వీఎంఈ డిస్కు కనబడదు. ఉన్న విండోస్ మీద ఈ మోడ్ మారిస్తే మాత్రం బ్లూ స్క్రీన్ చాలాసార్లు పలకరిస్తుంది. ముట్టుకోకండి.

బయోస్ అప్‌డేట్ గురించి గట్టిగానే చెప్పాలి. బయోస్ అప్‌డేట్ వల్ల విండోస్ 7లో లేని డ్రైవర్ పుట్టుకురాదు. ఉన్న సీఎస్ఎం ఆప్షన్ కొత్త వెర్షన్‌లో మాయమయ్యే అవకాశం కూడా ఉంది. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు. బయోస్ చిప్‌కి క్లిప్ పెట్టి ప్రోగ్రామర్ అనే పరికరంతో మళ్లీ రాయించాల్సి వస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో మన ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందో హుద్‌హుద్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కీ, బ్యాటరీ నిలవని లాప్‌టాప్‌కీ ఆ పని పెట్టుకోకండి.

డ్రైవర్ ప్యాక్ మాట తొందరగా తేల్చేయొచ్చు. తయారీదారు రాయని డ్రైవర్ ఏ ప్యాక్‌లోనూ ఉండదు. ఇంటెల్ ఏఎక్స్200 వైఫై కార్డుకి విండోస్ 7 డ్రైవరే ఇవ్వలేదు. ఉన్న డ్రైవర్లు కూడా కొన్ని కోడ్ 52 (డ్రైవర్ డిజిటల్ సంతకం సరిచూడలేకపోయామనే లోపం) చూపిస్తాయి. కారణం వాటి సంతకం ఎస్‌హెచ్‌ఏ-2 అనే కొత్త పద్ధతిది. దాన్ని గుర్తుపట్టాలంటే కేబీ4490628, కేబీ4474419 అప్‌డేట్లు రెండూ ముందుగా వేయాలి.

మరేం చేయాలి? డీటీపీకి అయితే కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 11ని ఉంచేయండి. లోపల వర్చువల్‌బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మిషన్‌ని, నడిపే ప్రోగ్రామ్) విండోస్ 7 వేసి, పేజ్‌మేకర్, అను అందులో నడపండి. ఆ వర్చువల్ మిషన్‌కి నెట్ తీసేయండి. 2020 జనవరి 14తోనే మామూలు వాడకందార్లకు విండోస్ 7 భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి, క్రోమ్ కూడా 109 వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. పేజీని పీడీఎఫ్ చేసి బయటి విండోస్‌లోకి తెచ్చుకుని ప్రింట్ ఇవ్వండి. ప్రింటర్ డ్రైవర్ గొడవ కూడా ఉండదు.

గాజువాక ఆటోనగర్ షెడ్లలో కంప్యూటర్‌తో పాత మిషన్లు నడిపేవాళ్లకు ఇది కుదరదు. పీసీఐ కార్డు, ప్యారలల్ పోర్టుకి గుచ్చే సాఫ్ట్‌వేర్ లాక్ వర్చువల్ మిషన్‌లో సరిగా అందవు. వాళ్లకు 4వ తరం పాత ఆఫీసు డెస్క్‌టాప్ మేలు. అందులో విండోస్ 7 ఏ తిప్పలూ లేకుండా ఎక్కుతుంది. కార్డు పట్టే స్లాటు ఉందో లేదో కొనేముందే చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌ది తీసుకునేటప్పుడు వెనక పోర్టుల రేకు మీద, ర్యామ్ స్లాటు పక్కన తుప్పు చూడండి. బీచ్ రోడ్డు వైపు ఆఫీసుల్లో ఏళ్లపాటు ఉన్న డబ్బాలను ఉప్పుగాలి వదలదు. బయోస్ సెట్టింగులను నిలిపే, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కొత్తది వేసి, బయోస్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. ఆ బ్యాటరీ అయిపోయిన రోజు సెట్టింగులు మొదటికి రావచ్చు, సాటా మోడ్ మారిపోతే 7బీ నంబరుతో బ్లూ స్క్రీన్ పడుతుంది. అప్పుడు ఫార్మాట్ కొట్టకండి, ఫోటో చూసి మోడ్ వెనక్కి పెట్టండి.