మా లైబ్రరీకి పైసలు మేం ఎప్పుడో కట్టినం

నెల రోజుల నుంచి మా వాడోళ్లం అందరం ఒక్కదాని మీదనే తిరుగుతున్నం, అందుకే ఇంత పెద్దగ రాస్తున్న, జర ఓపికతోని చదవండి. వరంగల్‌ల మా ఇంటి దగ్గరున్న లైబ్రరీ ఇంతకుముందు రాత్రి ఎనిమిదింటి దాక ఉండేది. ఇప్పుడు ఐదు కొట్టంగనే తాళం. తొమ్మిది పేపర్లు వచ్చేటియి, మూడుకు దించిన్రు. సాయంత్రం పూట చూసుకునేటాయనను తీసేసిన్రు. ఎందుకు సార్ అంటే బడ్జెట్ లేదు, ఫండ్స్ వస్తలేవు, మా చేతుల ఏం లేదు అన్నరు. మూడు సార్లు పోయినం, మూడు సార్లు గదే మాట.

రెండోసారి పోయొచ్చిన రోజు ఇంట్ల ఈ ముచ్చట చెప్తుంటే అమ్మ లేచిపోయి బీరువాల నుంచి ఒక కవర్ తెచ్చింది. బాపు బతికున్నప్పటి నుంచి కట్టిన ఇంటి పన్ను రశీదులన్నీ అండ్లనే ఉన్నయ్. ఒకటి చేతికిచ్చి ఇదేంది చూడు అన్నది. ఇంటి పన్ను 2,500, దాని కింద గ్రంథాలయ పన్ను 200. ఇన్నేండ్లు కట్టినం గని ఆ లైను నేను ఒక్కసారి గూడ చదవలే.

ఇది చాన మందికి తెల్వదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీల కోసమని వేరేగ తీసుకుంటరు, తెలంగాణ వచ్చినంక గూడ అదే చట్టం నడుస్తుంది. మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలె. చాన ఊర్లల్ల అట్ల జమ కాక బకాయిలు పడ్డయని పేపర్లల్ల ఏండ్ల నుంచి వస్తనే ఉంది. అంటే ఇది ఎవరో దయతలిచి పెట్టిన ఖర్చు కాదు, మిగిలితే ఇచ్చేది కాదు. పేరు పెట్టి మా దగ్గర తీసుకున్న పైసలు. మా దగ్గర తీసుకునేటప్పుడు ఉన్న పైసలు లైబ్రరీకి వచ్చేసరికి ఎట్ల లేకుంట పోయినయ్?

కొందరు నన్నే అడిగిన్రు, నాలాలు బాగ చెయ్యనీకి పైసల్లేకుంటే లైబ్రరీ లొల్లి ఏందన్నా అని. 2023 జులైల వానలకు వరంగల్ ఎట్ల మునిగిందో మేం చూసినోళ్లమే, నాలా పని ఆపమని ఎవ్వరం అంటలేం. గని లైబ్రరీ పేరు మీద వసూలు చేసింది లైబ్రరీకే పెట్టాలె, ఇండ్ల రెండో మాట లేదు. ఫోన్ల అన్నీ దొరుకుతయ్ గదా అనేటోళ్లు ఒక్కసారి సాయంత్రం ఆరింటికి మా లైబ్రరీ కాడికి రండి.

అక్కడ మెట్ల మీద ఒక చెల్లె కూసోని ఉంటది. గ్రూప్-2కు చదువుతుంది. వాళ్ల నాయన ఏనుమాముల మార్కెట్ల హమాలీ, మిర్చి సీజన్‌ల ఇంటికొస్తే బట్టల నిండ ఘాటే. రెండర్రల రేకుల ఇల్లు, ఆరుగురు మనుషులు, ఇంట్ల చదువుడు ఎక్కడయితది? పొద్దుగాల టిఫిన్ డబ్బ కట్టుకోని వచ్చి రాత్రి ఎనిమిదింటికి పోయేది. ఇప్పుడు తాళం పడ్డంక స్ట్రీట్ లైట్ కింద మెట్ల మీద కూసుంటుంది, పాత క్యాలెండర్ అట్ట ఏసిన పుస్తకం ఒళ్లె పెట్టుకోని, ఒక చేత్తోని దోమలు కొట్టుకుంట. ప్రైవేట్ స్టడీ హాల్‌కు పోవాలంటే నెలకు ఎనిమిది వందలు, యాడికెళ్లి తెస్తది? ఆ పిల్ల చదివే సిలబస్‌ల తెలంగాణ గ్రంథాలయ ఉద్యమం గూడ ఉంటది. 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం, 1904ల మన హన్మకొండల రాజరాజ నరేంద్ర భాషా నిలయం. నిజాం జమానల, తెలుగు చదువుకే దిక్కు లేని రోజులల్ల మనోళ్లు పూనుకోని పెట్టుకున్నయ్ అవి. ఆ ఊర్లె ఒక పిల్ల ఆ పాఠం రోడ్డు మీద కూసోని చదువుతుంటే నాకు నిద్ర పడ్తలేదు.

గందుకే ఇంటింటికి తిరిగి రశీదులు జమ చేసినం. జిరాక్స్ షాపు అన్న ఒక్క రూపాయి తీసుకోలే. మా గల్లి అక్కలు కూసోని ప్రతి కాపీ మీద గ్రంథాలయ పన్ను లైను కింద ఎర్ర పెన్నుతోని గీత కొట్టిన్రు. అరవై దాక అయినయ్. ఆఖరుకు ఆ చెల్లె వాళ్ల నాయన వచ్చిండు, అంగి జేబులకెళ్లి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసి, ఇది గూడ పనికొస్తదా సారూ అని అడిగిండు. ఇంటి పన్ను 300, గ్రంథాలయ పన్ను 24 రూపాయలు. అన్నిట్ల మీద గదే పెట్టి పోయిన సోమవారం ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చినం. చూస్తం అన్నరు. రాసి ఇయ్యిమన్నం, ఇంకా ఇయ్యలే.

వచ్చే సోమవారం మళ్ల పోతున్నం. మీ ఇంటి పన్ను రశీదు జిరాక్స్ తీసి శనివారం లోపల జిరాక్స్ షాపు అన్నకు ఇయ్యండి, పాతదైనా నడుస్తది. కిరాయికున్నోళ్లు ఓనర్లను అడగండి. సోమవారం పొద్దుగాల పదింటికి లైబ్రరీ గేటు కాడ ఉంటం.