ఆ ఆలస్యం ఎవరిది?

తిరుపతిలోని ఏ పెద్ద ఆసుపత్రికి రోగి వెంట వెళ్ళినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట చెవిన పడుతుంది: "ఇంత ముదిరేదాకా ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారమ్మా?" అడిగేవారికి దురుద్దేశం ఉండదు. వందల మందిని చూసి అలసిన గొంతు అది, చాలాసార్లు బాధతోనే వస్తుంది. అయినా ఆ ఒక్క ప్రశ్నలో ఒక కథ మొత్తం ఇమిడి ఉంది. అందులో తప్పు చేసింది రోగి ఇంటివాళ్ళు. ఇంకెవరి ప్రస్తావనా రాదు.

కిందటిసారి సెలవుల్లో వెళ్ళినప్పుడు అలాంటి ఒక వరండాలో, సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఏనాది తెగ ఇల్లాలి పక్కన కూర్చున్నాను. ఊరి పేరు రాయవద్దని మాత్రం కోరింది. భర్తకు షుగరు, కుడికాలికి పుండు. బొటనవేలు తీసేయాలన్నారు. అతనిది చేపల చెరువుల్లో పని. ఒట్టికాళ్ళతో రోజంతా నీళ్ళలో నిలబడేవాడు. షుగరు ముదిరి పాదాలు మొద్దుబారడంతో ముల్లు గుచ్చుకున్న సంగతే తెలియలేదు. యజమాని దగ్గర పాత బాకీ ఉంది కాబట్టి పని మానడానికి లేదు. నర్సమ్మ కట్టు కట్టి పెద్దాసుపత్రికి వెళ్ళమంది. కానీ ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. ఉచిత వైద్యం కావాలంటే ముందు అది సరిచేయించుకోవాలన్నారు. దాని కోసం తిరిగినన్నాళ్ళూ ఆమె కూలి పోయింది. ఇదంతా డాక్టరుకు చెప్పావా అని అడిగాను. "ఎక్కడ చెప్పేదక్కా, వెనక అంత మంది నిలబడి ఉంటే?" అంది.

ఇలా బాకీ కింద మనిషిని కట్టేసే వెట్టిచాకిరీని మన దేశం 1976లోనే చట్టం చేసి రద్దు చేసింది. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, పేరు మారినా పథకం నడుస్తూనే ఉంది. చట్టమూ పథకమూ రెండూ ఉండి, ఆ మనిషి వేలు పోయింది. ఆసుపత్రి కాగితాల్లో ఆలస్యం ఒక్కటే మిగులుతుంది. బాకీ, కార్డు, ఒట్టికాళ్ళు రాసే గడి అందులో ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. జబ్బు కథలో కారణాన్ని ఎక్కడ పెడితే సొమ్ము, శ్రద్ధ అక్కడికే వెళ్తాయి. వాళ్ళ అజ్ఞానమే కారణమని చెబితే కరపత్రాలు పంచుతాం. ఆ ఇల్లాలు చెప్పినట్టు చెబితే కార్డులు సరిచేసే మనిషినీ, సాయంత్రం పూట తెరిచి ఉండే వైద్యశాలనూ, బాకీ లెక్క అడిగే అధికారినీ వెతుకుతాం.

ఊరికి దూరంగా ఉంటున్న మనవాళ్ళ సంఘాలు వేసే పత్రికలు తిరగేయండి. వైద్య శిబిరం, ప్రారంభోత్సవం, యంత్రం పక్కన దాత, వరుసలో కూర్చున్న ముసలివాళ్ళు. దానాలను తక్కువ చేయడం లేదు. 1993లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన స్విమ్స్ ఆసుపత్రి గానీ, 2021లో తెరుచుకున్న చిన్నపిల్లల గుండె ఆసుపత్రి గానీ ఎన్ని ఇళ్ళలో దీపం నిలిపాయో రాయలసీమవాళ్ళకు చెప్పనక్కరలేదు. కానీ మన పేజీల్లో రోగికి ముఖం ఉంది, మాట లేదు. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

మాటకు ఎంత బలముందో పక్క జిల్లా నెల్లూరే చూపింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన దూబగుంట ఆడవాళ్ళు, సారా చితికించిన కాపురాల కథలు వాచకంలో చదివి, మాట్లాడుకుని, ఊళ్ళో సారా అంగడి మూయించారు. తరువాత ఆ ఊరి కథే పాఠమై మిగతా ఊళ్ళకు వెళ్ళింది. ఉద్యమం మన చిత్తూరుకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. తాగుడు ఒంటికి చేటని అంతకుముందు ఎవరికి తెలియదు? మొగుడి చెడు అలవాటుగా ఉన్నంతకాలం ఆ బాధ గడప దాటలేదు. సారా వేలంపాట, గుత్తేదారు, ప్రభుత్వ ఖజానా కథలోకి వచ్చాక ఊళ్ళు కదిలాయి. ఆ తరువాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం నిలవలేదన్నది నిజమే. ఆ ఆడవాళ్ళు సాధించింది దానితో చిన్నదైపోదు.

విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు నాటు కట్టునే తీసుకోండి. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి విరిగిన చేతులతో జనం వస్తారు. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన గాయాలకు ఆ కట్టు సరిపోదనే నా అభిప్రాయం. అయినా, కట్టించుకుని నడిచినవాళ్ళు చెప్పగా చెప్పగా వచ్చిన ఆ పేరు ముందు ఆరోగ్య శాఖ గోడరాతలు వెలవెలబోతాయి.

ఇక మన భారతం ఉంది. వేసవి వస్తే చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర, చాలాచోట్ల 18 రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు నాడు పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో అర్జునుడి వేషగాడు ఎక్కే తపస్సు మాను చుట్టూ వరపడతారు, అంటే బిడ్డల కోసం నేలమీద పడి మొక్కుకుంటారు. ఆ నమ్మకం జోలికి నేను పోను, మా ఇంట్లోనూ వరపడ్డవాళ్ళు ఉన్నారు. కానీ సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు నుంచీ కారణం ఉంటుందని వైద్యులు అంటారు. నిందా, ఉపవాసమూ, మందులూ మాత్రం ఆడవాళ్ళ వాటాకే వస్తున్నాయి. హరికథలో పిట్టకథకు ఎప్పుడూ చోటుంది. ఊళ్ళో జరిగింది, నిన్నటి సంగతి, ఎవరినీ నొప్పించకుండా అందులో ఇమిడ్చే నేర్పు మన భాగవతులకు ఉంది. మగవాడు కూడా పరీక్ష చేయించుకోవాలన్న మాట ఆ నోట, ఆ పందిట్లో వస్తే, మగవాళ్ళు లేచిపోకుండా వింటారని నా నమ్మకం.

అందుకే మన సంఘానికి నా విన్నపం. వచ్చే వేసవికి ముందు, భారతం జరిగే కొన్ని ఊళ్ళ భాగవతులనూ ఆశా కార్యకర్తలనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకోనిద్దాం. ఏం చెప్పాలో మనం రాసివ్వకూడదు. భాగవతుల పనికి తగిన సంభావన మాత్రం ఇవ్వాలి. పత్రికలో రెండు పేజీలు రోగుల మాటకు వదలాలి. అచ్చుకు ముందు వాళ్ళకు చదివి వినిపించాలి, వద్దంటే తీసేయాలి, ఫోటో అడగకూడదు. ఆ మాటల్లో కార్డు గురించో, బస్సు గురించో, మందులు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గురించో ఫిర్యాదు ఉంటే దాన్ని జిల్లా అధికారులకు పంపి, వచ్చిన జవాబును తరువాతి సంచికలో వేయాలి. జవాబు రాకపోతే, రాలేదనే వేయాలి.