లిల్లీల గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో చివరి లైను పిల్లి ప్రాణం తీస్తుంది

"ఇంట్లో లిల్లీ, ఒంట్లో ఆరోగ్యం" అనే మెసేజ్ మళ్లీ అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతోంది. పంపుతున్నవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లే. అందుకే చూసీ చూడనట్టు ఊరుకోలేకపోతున్నాను.

అందులో ఉన్నది ఇదీ: ఒక్క లిల్లీ కుండీ గది గాలినంతా శుభ్రం చేస్తుందని నాసా తేల్చింది. అది రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది. రోజూ రెండు పూటలా కుండీ నిండా నీళ్లు పోయాలి. పూలు వాడగానే కాడను నేలమట్టానికి కోసేస్తే వచ్చే ఏడు రెట్టింపు పూస్తుంది. గుడ్డు పెంకుల పొడి తప్ప వేరే ఎరువు అక్కర్లేదు. చివరగా, పువ్వులోని పుప్పొడి తిత్తులు తుంచేస్తే పిల్లలకీ, పెంపుడు జంతువులకీ ఏ భయమూ లేదు. ఆ మెసేజ్‌లో పైన పెట్టిన ఫొటో పీస్ లిల్లీది, కింద రాసిన సలహాలు దుంప నుంచి పెరిగే ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీలవి. పీస్ లిల్లీ అసలు చేమ కుటుంబం మొక్క. ఏ మొక్క గురించి మాట్లాడుతున్నారో కూడా చూసుకోలేదన్నమాట.

నాసా సంగతి. 1989లో నాసా శాస్త్రవేత్త వోల్వర్టన్ బృందం ప్రయోగం చేసిన మాట నిజం, అందులో పీస్ లిల్లీ ఉన్న మాటా నిజం. కానీ వాళ్లు మొక్కను గాలి చొరబడని పెట్టెలో పెట్టి, అందులోకి బెంజీన్ లాంటి రసాయనాలు వదిలి కొలిచారు. మన గదుల్లోకి తలుపుల నుంచి, కిటికీల నుంచి, సందుల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. ఇలాంటి ప్రయోగాల ఫలితాలను 2019లో మళ్లీ లెక్కగట్టి చూస్తే, ఆ వచ్చిపోయే గాలి చేసే పనికి మొక్కలు సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా ఉండాలని తేలింది. ఇక మంచం ఎక్కడ వేసుకుంటాం? కిటికీ తీస్తే చాలు.

రాత్రి ఆక్సిజన్ మాట వదిలేయండి. చీకట్లో లిల్లీ కూడా మనలాగే ఆక్సిజన్ తీసుకుంటుంది. గుడ్డు పెంకులు మట్టిలో కలవడానికి చాలా కాలం పడుతుంది, వాటిలో ఉండేది దాదాపు అంతా సున్నమే. దుంపకు కావలసిన పొటాష్ వాటి నుంచి రాదు. పైగా ఓరియంటల్ రకాలకు సున్నం పడదు, కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి.

నీళ్ల సలహా మాత్రం మొక్కను చంపేదే. లిల్లీ దుంపను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఉల్లిగడ్డకు ఉన్నట్టు పైన పొర ఉండదు. తెల్లటి, మందపాటి రెబ్బలు బోడిగా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి, వేలితో కాస్త గట్టిగా నొక్కితే ఊడి వచ్చేస్తాయి. కాపాడే పొర లేదు కాబట్టి ఎక్కువ ఎండితే వడలిపోతుంది, నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. మట్టిలో వేలు పెట్టి చూసి, పైమట్టి పొడిగా ఉంటేనే పోయాలి. పోసిన నీరు అడుగు నుంచి బయటికి పోవాలి. దుంపను దాని ఎత్తుకు రెండు మూడింతల లోతులో పెట్టాలి. చాలా రకాలకు దుంప పైన, మట్టిలో ఉన్న కాడకు కూడా వేళ్లు వస్తాయి. పైపైన పాతితే ఆ వేళ్లకు చోటుండదు.

ఇక కాడ కోయడం. పూలు అయిపోయాక పచ్చగా ఉన్న ఆకులు చేసే ఆహారమే దుంపలో చేరి వచ్చే ఏటి పువ్వు అవుతుంది. అప్పుడే కోసేస్తే దుంప చిక్కిపోతుంది, మరుసటి ఏడు పూయకపోవచ్చు కూడా. వాడిన పువ్వును మాత్రం కాయ కట్టకముందే తుంచండి. కాడను పసుపుపచ్చగా మారి ఎండేదాకా కదపొద్దు.

ఇంతవరకూ పోయేది మొక్కే. చివరి లైనుతో పోయేది పిల్లి.

ఆసియాటిక్, ఓరియంటల్, ఈస్టర్, టైగర్ లిల్లీలు, వీటితో పాటు డే లిల్లీ. వీటిలో ప్రతి భాగమూ పిల్లికి విషమే. పువ్వు, ఆకు, కాడ, దుంప, చివరికి పూలు పెట్టిన వాజులోని నీళ్లు కూడా. బొచ్చు మీద రాలిన పుప్పొడిని నాకినా చాలు. మొదట చొంగ కారుతుంది, వాంతులవుతాయి, తిండి మానేస్తుంది. తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించవచ్చు, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఆ సమయంలోనే లోపల కిడ్నీలు దెబ్బతింటుంటాయి. 24 నుంచి 72 గంటల్లో పూర్తిగా పనిచేయడం మానేస్తాయి. దీనికి విరుగుడు మందు లేదు. తిన్న 18 గంటల లోపు సెలైన్ ఎక్కించి వైద్యం మొదలుపెడితే బతికే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే కిడ్నీలను తిరిగి తేవడం దాదాపు అసాధ్యం.

పుప్పొడి తిత్తులు తుంచేస్తే భయం లేదట! ఆకు నమలొద్దని పిల్లికి ఎవరు చెబుతారు? వాజులో నీళ్లు తాగొద్దని ఎవరు కాపలా కాస్తారు?

తిత్తులు తుంచడం తోటపనిగా మంచి సలహానే, అది ఒప్పుకుంటాను. మొగ్గ విచ్చుకోగానే, తిత్తులు పగలకముందే తీసేస్తే రేకుల మీద, బట్టల మీద ఆ మొండి నారింజ మరకలు పడవు. ఒకవేళ బట్ట మీద పడితే తడపకుండా టేపుతో ఎత్తేయాలి. కానీ అది మరకల విషయం. విషం సంగతి వేరు.

లిల్లీ అని పేరున్న అన్ని మొక్కల ప్రమాదమూ ఒకటే కాదు. పీస్ లిల్లీ, కల్లా లిల్లీ నమిలితే వాటిలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు నోరు మండిస్తాయి, కిడ్నీలు పోవు. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ విషం గుండెను దెబ్బతీస్తుంది. అగ్నిశిఖ అని పిలిచే గ్లోరియోసా లిల్లీ దుంపలో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది, అది మనిషినే చంపగలదు. "పిల్లలకీ భయం లేదు" అని రాసినవాళ్లు ఇదొక్కటైనా చూసి ఉండాల్సింది.

పిల్లి ఉన్న ఇంట్లో గులాబీ పెంచండి, జెర్బెరా పెంచండి, లిల్లీ వద్దు. ఇప్పటికే లిల్లీ ఉండి, పిల్లి ముట్టుకుందని అనుమానం వస్తే, వాంతులయ్యేదాకా ఆగకండి. బొచ్చు మీద పుప్పొడి ఉంటే తడిగుడ్డతో తుడిచి, ఆ మొక్క ఫొటో తీసుకుని, అర్ధరాత్రయినా సరే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఆ మెసేజ్‌ను ఇప్పటికే పంపినవాళ్లు, చివరి లైను తప్పని అదే గ్రూపులో ఈ రోజే రాయండి.