మహారాజశ్రీ 0.05 గారికి

మహారాజశ్రీ 0.05 గారి దివ్యసముఖానికి, ఎం.డి. చదువుతున్న ఒక పీజీ చేసుకునే విన్నపం.

అయ్యా, పరిశోధనలో పీ విలువ తమకంటే తగ్గితేనే తేడా 'సిగ్నిఫికెంట్' అనిపించుకునే హద్దు తమరు. తమరి దయవల్ల ఈరోజు మధ్యాహ్నం నా థీసిస్ గైడ్ గారి టేబుల్ దాకా వెళ్లి, వెళ్లిన దారినే నా చేతికి తిరిగొచ్చింది. రెండు బీపీ మందులు, గ్రూపుకి 30 మంది. బీపీ తగ్గడంలో సగటు తేడా 4 మిల్లీమీటర్లు, రెండు గ్రూపుల్లోనూ ఎస్‌డీ (సగటు చుట్టూ అంకెల చెదురు) 8. రెండు సగటుల తేడాని తూచే టీ-టెస్ట్ చేస్తే పీ విలువ 0.058. సార్ చూసింది ఆ ఒక్క అంకె. "నాట్ సిగ్నిఫికెంట్. తేడా లేదన్నమాట" అన్నారు.

లేదని ఎవరన్నారండీ? 4ని దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో, అంటే శాంపిల్ మారితే ఆ తేడా ఎంత ఊగుతుందో చెప్పే 2.07తో భాగిస్తే 1.94 వచ్చింది. తమరి గడప 2 దగ్గరుంది. మందులు రెండూ ఒకటే అయినా, ఎవరు ఏ గ్రూపులో పడ్డారన్న అదృష్టం వల్లే ఇంత తేడాగానీ, ఇంతకు మించిగానీ కనబడే అవకాశం నూటికి ఆరుకి కాస్త తక్కువ. పీ విలువ చెప్పింది అంతే! అదే ఎస్‌డీతో గ్రూపుకి 300 మంది ఉంటే 1.4 తేడాకే తమరు తలుపులు బార్లా తీసేవారు. 1.4 తగ్గితే రోగికి ఏం ఒరుగుతుందో మాత్రం అడగరు.

అసలు తమరికి ఈ పదవి ఎలా వచ్చింది? 1925లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ గారు ఇరవైకి ఒకటిని, అంటే తమరినే, హద్దుగా పెట్టుకుంటే సౌకర్యంగా ఉంటుందన్నారు. సౌకర్యం! దాన్ని పట్టుకుని 0.049కి స్వీట్లు, 0.051కి సంతాపం.

టీ-టెస్ట్‌కి మూలపురుషుడు గాసెట్ గారిని ఏమీ అనను. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేస్తూ, కంపెనీ సొంత పేరు వేసుకోనివ్వక 1908లో 'స్టూడెంట్' పేరుతో అచ్చేసుకున్నాడు పాపం. చిన్న శాంపిల్‌తో నోరు తెరవగలుగుతున్నామంటే ఆయన చలవే.

"ఇంకో పదిమందిని కలుపు, పీ 0.05 కిందకి దిగుతుంది" అన్నారు సార్ చివరికి. దిగేదాకా కలుపుకుంటూ పోతే ఎందుకు దిగదు? తేడా లేని మందులకైనా ఏదో ఒకరోజు దిగుతుంది. దాన్ని పరిశోధన అంటారా? నీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది చాలు. తేడా 4, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఎంత ఉండొచ్చో చెప్పే పరిధి) మైనస్ 0.1 నుంచి 8.1 దాకా, పీ 0.058. ఉన్నదున్నట్టు రాస్తున్నా. వైవాలో ఎవరైనా గుడ్లురిమితే నువ్వే వచ్చి జవాబు చెప్పుకో.