ఒంగోలు పిల్లాడి ఉద్యోగం మీద రాష్ట్రపతి సంతకం

రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపు అని కొట్టిపారేసే పోస్టులు చూస్తే ఒళ్లు మండుతోంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉంటూ ఆ మాట అనేవాళ్లు ఒక్కసారి టీచర్ ఉద్యోగాల డీఎస్సీ నోటిఫికేషన్ తీసి చదవండి. అందులో "లోకల్" అన్నది అసెంబ్లీ చేసిన చట్టం కాదు. రాజ్యాంగం 371డి అధికరణ కింద 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు. జిల్లా స్థాయి దాటిన ఉద్యోగాల కోసం గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలను ఒకే స్థానిక ప్రాంతంగా, జోన్ 3గా కలిపింది అదే. జూనియర్ అసిస్టెంట్ స్థాయి జిల్లా పోస్టుల్లో 80 శాతం, జోనల్ నాన్‌గెజిటెడ్ పోస్టుల్లో 70 శాతం స్థానికులకు పెట్టిందీ అదే. మిగిలింది నాన్‌లోకల్ కోటా అనుకుంటారు చాలామంది. కాదు, అది ఓపెన్. మెరిట్ ఉంటే మనవాళ్లకూ వస్తుంది.

ఇందులో దెబ్బతినేది ఎక్కడంటే హాస్టళ్ల దగ్గర. ఆ ఉత్తర్వు ప్రకారం పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఒంగోలు పిల్లాణ్ని ఏడు నుంచి పది దాకా విజయవాడ హాస్టల్‌లో పెడితే వాడు కృష్ణా జిల్లా లోకల్, జోన్ 2. ఇంటర్‌కు ఒంగోలు తిరిగొచ్చినా, రేషన్ కార్డు ఒంగోల్లోనే ఉన్నా లాభం లేదు. వరుసగా నాలుగేళ్లు ఒకచోట కుదరకపోతే నాలుగు నుంచి పది దాకా ఏడేళ్లు లెక్కేసి, ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ. ఏడో తరగతి దాకా నెల్లూరులో చదివి, ఎనిమిదికి విజయవాడ పోయినవాడికి ఈ లెక్కలో నెల్లూరులో నాలుగేళ్లు, విజయవాడలో మూడేళ్లు, అంటే వాడు నెల్లూరు లోకలే. ఒక్క ఏడాది తేడా! వెరిఫికేషన్‌లో స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే.

ఎన్నికలప్పుడు "ఉద్యోగాలన్నీ స్థానికులకే" అని మైకుల్లో అరుస్తారే, వాళ్ల మీదే నా అసలు కోపం. 371డి పదో క్లాజు ప్రకారం ఈ ఉత్తర్వు మిగతా చట్టాలన్నిటి కంటే పైన ఉంటుంది. ఏజెన్సీ టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన కారణాల్లో ఇదీ ఒకటి. జీవోతో ఈ శాతాలు కదలవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యి, ప్రకాశంలోని కందుకూరు అప్పట్లో నెల్లూరులో కలిసింది. కానీ 2025 డీఎస్సీ పోస్టులు పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే వచ్చాయి, కందుకూరు అభ్యర్థి ప్రకాశం కిందే పోటీ పడ్డాడు. కాలేజీ సీట్లది ఇంకో లెక్క: 1974 ఉత్తర్వులో నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ పరిధి, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. ఉద్యోగానికి ఒకే జోన్, చదువుకు వేరు.

మరి రాష్ట్రపతి తనంతట తాను మార్చేయొచ్చా? లేదు. 74వ అధికరణ ప్రకారం కేంద్ర మంత్రివర్గం సలహా మీదే నడవాలి. 1976లో 42వ సవరణ దాన్ని తప్పనిసరి చేసింది. 1978లో 44వ సవరణ ఒక్కసారి "మళ్లీ ఆలోచించండి" అని తిప్పి పంపే హక్కు ఇచ్చింది. అది చిన్న అధికారం కాదు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న సిఫార్సును కె.ఆర్. నారాయణన్ తిప్పి పంపితే కేంద్రం వెనక్కి తగ్గింది. బిల్లులకు 111వ అధికరణ కింద ఇలాంటి హక్కే ఉంది. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం వెనక్కి పంపారు. పార్లమెంటు మళ్లీ పాస్ చేసి పంపాక సంతకం తప్పలేదు.

కాబట్టి జోన్లు, జిల్లా కేడర్లు మార్చమని రాష్ట్రపతి భవన్‌కు అర్జీలు పెట్టినా అవి సంబంధిత శాఖకే వెళతాయి. ఫైలు కదలాల్సింది రాష్ట్ర ప్రభుత్వం నుంచి కేంద్ర హోంశాఖకు, అక్కణ్నుంచి కేంద్ర కేబినెట్‌కు. చివర్లో రాష్ట్రపతి సంతకం, గెజిట్. మీ ఎమ్మెల్యేని, ఎంపీని నిలదీసేటప్పుడు "స్థానికులకు న్యాయం చేయండి" అని వదిలేయకండి. ప్రతిపాదన హోంశాఖకు ఏ తేదీన, ఏ లేఖ నంబరుతో వెళ్లిందో అడగండి. చెప్పకపోతే రాష్ట్ర సాధారణ పరిపాలన శాఖకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టి అదే ప్రశ్న రాయండి.