నరం దొరకలేదంటే తప్పెవరిది?

సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సు పట్టీ బిగించి, మోచేతి మడతలో వేలితో నొక్కి చూస్తారు. తగలదు. రెండో చెయ్యి చూస్తే అక్కడా తాడులా గట్టిపడిన గీత తప్ప ఏమీ లేదు. నాలుగైదు పోట్లయ్యాక "నరాలన్నీ పాడు చేసుకున్నావు" అన్న మాట వస్తుంది. మత్తుమందును సూదితో తీసుకునేవాళ్లు జబ్బు ముదిరేదాకా ఆసుపత్రి గడప తొక్కకపోవడానికి ఇలాంటి ఒక్క మాట చాలు. ఒంట్లో ఏ నరం ఇంకా పనిచేస్తోందో మంచం మీదున్న మనిషికే బాగా తెలుసు. అడిగేవాళ్లే ఉండరు.

(వాడుకలో నరం అంటున్నా ఇది స్పర్శను మోసే నాడి కాదు, రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిర. ఈ తేడా ఎంత ముఖ్యమో గజ్జల దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.)

సిర ఒక్క రోజులో చావదు. సూది దిగిన ప్రతిసారీ లోపలి పొర కాస్త చిరుగుతుంది, అక్కడ చిన్న రక్తపు గడ్డ కడుతుంది, మానాక మచ్చ మిగులుతుంది. మానడానికి వ్యవధి ఇస్తే నష్టం తక్కువే. అదే చోట రోజుకు మూడు నాలుగు సార్లు గుచ్చితే మచ్చ మీద మచ్చ పేరుకుని గొట్టం ఇరుకవుతుంది, చివరికి మూసుకుపోతుంది. వాడిన సూదినే మళ్లీ వాడితే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒక్క వాడకానికే మొన మొద్దుబారి వంకర తిరుగుతుంది, జారడానికి పూసిన సిలికాన్ పూత పోతుంది. రెండోసారి అది గుచ్చుకోదు, చీలుస్తుంది. మందులో ఆమ్లం ఎక్కువైతే సిర గోడ లోపలి నుంచి కాలుతుంది. నోటితో మింగాల్సిన మాత్రలను పొడిచేసి ఎక్కిస్తే, వాటిలో కలిపిన టాల్క్ అనే పొడి రక్తంలో కరగదు, ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది.

చేతులు అయిపోయాక ప్రయాణం కిందికి సాగుతుంది. కాళ్లలో రక్తం గుండెకు ఎదురెక్కాలి. దాన్ని వెనక్కి జారకుండా ఆపే కవాటాలు సూదిపోట్లకు దెబ్బతింటే పాదం వాస్తుంది, చీలమండ దగ్గర ఏళ్ల తరబడి మానని పుండు పడుతుంది. ఇక గజ్జలు. అక్కడ బయటి నుంచి లోపలికి నాడి, ధమని (గుండె నుంచి రక్తాన్ని తెచ్చే నాళం), సిర పక్కపక్కనే ఉంటాయి. సూది ఒక వేలి వెడల్పు తప్పితే చాలు. రక్తం ఎర్రగా, చిమ్మినట్టు వచ్చి ప్లంజర్‌ను (సిరంజిలో నొక్కే కాడను) వెనక్కి నెట్టినా, భగ్గున మంట పుట్టినా అది ధమని. మందు ఎక్కించకుండా సూది వెంటనే తీసేయాలి, కనీసం పది నిమిషాలు వదలకుండా గట్టిగా నొక్కిపట్టాలి, ఆసుపత్రికి వెళ్లాలి. మందు లోపలికి పోయి వేళ్లు పాలిపోతే, చల్లబడితే, నల్లబడితే గంటల్లో అవయవమే పోవచ్చు. మెడలోనైతే సిర పక్కనే మెదడుకు వెళ్లే ధమని ఉంది. అంతకంటే చెప్పక్కర్లేదు.

నన్ను మండించేది ఇక్కడే. ఈ జ్ఞానమేమీ రహస్యం కాదు. ఇన్సులిన్ వాడేవాళ్లకు మొదటి రోజే పొట్ట బొమ్మ గీసి, నిన్నటి చోటికి వేలెడు ఎడంగా వేసుకోమంటాం, ఒకే చోటైతే కొవ్వు గట్టిపడి మందు ఒంటబట్టదని చెబుతాం. డయాలసిస్ అవసరం పడే మనిషి చేతిని ముందు నుంచే కాపాడతాం, ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వం. అదే ఆసుపత్రిలో మరో మనిషి సిరకు మాత్రం తిట్లే. చెప్పాల్సింది అయిదు నిమిషాల పని: ప్రతిసారీ కొత్త సూది, ఎవరి సామాను వాళ్లదే, సబ్బుతో చేతులు కడగడం, స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వడం, పట్టీ వదులు చేశాకే నొక్కడం, వాపు కనిపిస్తే ఆపేయడం, కమిలిన చోటు మానేదాకా అక్కడికి మళ్లీ వెళ్లకపోవడం. తర్వాత పొడి దూదితోనే నొక్కాలి, స్పిరిట్ పెడితే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. చలితో వణికించే జ్వరం, కనిపించే గాయానికి మించిన నొప్పి, ఒక్క కాలే వాయడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఇలా నేర్పితే అలవాటును ప్రోత్సహించినట్టే కదా అంటారు. 1984లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో, వాడిన సూది తీసుకుని కొత్తది ఇచ్చే సూదుల మార్పిడి మొదలైనప్పటి నుంచీ వింటున్న మాటే ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో సాక్ష్యాలన్నీ జల్లెడ పట్టి, ఈ కార్యక్రమాల వల్ల మత్తుమందుల వాడకం పెరిగిందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. భయం పెడితే మానేస్తారన్న సిద్ధాంతమే నిజమైతే, చీముగడ్డను మించిన భయం ఏముంది?

పైన చెప్పిన ప్రతి పనికీ వెలుతురు, నీళ్లు, పది నిమిషాల స్థిమితం కావాలి. జేబులో సిరంజి దొరకడమే నేరమైన చోట ఆ మూడూ ఉండవు. చీకట్లో, నిలబడి, ఎవరొస్తారోనని చూస్తూ గుచ్చుకున్న చేతికి చీము పట్టడం ఆ మనిషి అజాగ్రత్త అంటామా, చట్టం రాసిన చేతి పని అంటామా? సిరంజి దాచుకుని మళ్లీ వాడటమూ ఆ భయంలోంచి వచ్చిందే. సిరంజిలో మిగిలిన చుక్కలో హెపటైటిస్ సి వైరస్ 63 రోజుల దాకా బతికున్నట్టు ప్రయోగశాలలో తేలింది. ఆ భయం లేకుండా, పర్యవేక్షణలో సూది వేసుకునే గది 1986లోనే స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో తెరిచారు. అలాంటిదే, కెనడాలోని వాంకూవర్‌లో ఇన్‌సైట్ 2003లో వచ్చింది, ప్రభుత్వం దాన్ని మూయించబోతే 2011లో కెనడా సుప్రీంకోర్టు అడ్డుకుంది.

అసలు రోగం వైద్యం చూపులో ఉంది. పొగతాగేవాడి ఊపిరితిత్తి, తాగేవాడి కాలేయం, సూదితో మత్తు తీసుకునేవాడి సిర: "చేసుకున్నదే" అని ఒక్క ముక్కలో కేసు కొట్టేస్తాం. ఆ కొట్టివేత తిరిగి మన వార్డుకే వస్తుంది. మురికి సూదితో రక్తంలో చేరిన బాక్టీరియా గుండె కవాటానికి పట్టిందంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు సిర ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించాలి. ఏ సిర ద్వారా?

కాబట్టి ఆసుపత్రిలో చేరిన గంటలోనే, మొదటి పోటుకు ముందే, "ఏ చేతికి పెట్టమంటారు?" అని అడగాలి. చెయ్యి కిందికి వేలాడదీసి, గోరువెచ్చటి తువ్వాలు చుట్టి కాసేపు ఆగాలి. నేర్చుకుంటున్నవాళ్లు నాలుగుసార్లు పొడిచాక కాకుండా, వార్డులో అందరికంటే చెయ్యి తిరిగిన నర్సునే ముందు పిలవాలి. అప్పటికీ తగలకపోతే అల్ట్రాసౌండ్ మిషన్‌ను మంచం దగ్గరికి తోసుకురావాలి. లోతున ఉన్న సిరలు అందులో నల్లటి గుండ్రాల్లా కనిపిస్తాయి. మెల్లగా నొక్కితే అణిగేది సిర, కొట్టుకుంటూ నిలబడేది ధమని.