డాక్యుమెంటేషనే కదండీ!

ఎంబెడెడ్ పరికరాలకు లినక్స్ తయారుచేసుకునే యోక్టో ప్రాజెక్టు 2021 అక్టోబర్‌లో, హానిస్టర్ అనే 3.4 వెర్షన్‌తో, ఓవర్‌రైడ్‌లు (ఫలానా సందర్భంలో వేరియబుల్ విలువ మార్చే గుర్తులు) రాసే పద్ధతి మార్చేసింది. అండర్‌స్కోర్ పోయి కోలన్ వచ్చింది. మంచి మార్పే, కాదనను. అంతకుముందు ఆ అండర్‌స్కోర్ పేరులో భాగమో, ఓవర్‌రైడో యోక్టోలో బిల్డ్ నడిపే టూల్ బిట్‌బేక్ తేల్చుకోవడమే కష్టంగా ఉండేది. రెసిపీలు, అంటే ఏ సాఫ్ట్‌వేర్ ఎలా బిల్డ్ చేయాలో చెప్పే ఫైళ్లు, మార్చడానికి స్క్రిప్టు కూడా ఇచ్చారు. మరి మా టీమ్ వికీ పేజీలు ఎవరు మార్చాలి? నేనే!

కొత్తగా చేరిన ప్రతివాడూ ఏదో పాత పేజీ తవ్వి, అండర్‌స్కోర్‌తో రాసిన అపెండ్ లైను (విలువ చివర ఇంకొంత కలిపేది) కాపీ కొడతాడు. బిట్‌బేక్ అక్కడే ఆగి, ఇది పాత సింటాక్స్ అని మొత్తుకుంటుంది. వాడు ఆ ఎర్రర్ చదవడు, తిన్నగా నా దగ్గరికొస్తాడు. "అన్నా, మీ డాక్యుమెంట్ తప్పు." యోక్టో వెర్షన్లలో ఒక ప్రొడక్ట్ డన్‌ఫెల్ మీద, ఇంకోటి కర్క్‌స్టోన్ మీద, మరోటి స్కార్త్‌గ్యాప్ మీద ఉంటే ఒకే పేజీ అన్నిటికీ ఎలా సరిపోతుంది నాయనా?

లేయర్ (రెసిపీలన్నీ ఉండే ఫోల్డర్) మార్చినవాడు కమిట్ మెసేజ్‌లో "ఫిక్స్‌డ్" అని ఒక్క ముక్క రాసి పోతాడు. ఏం ఫిక్సయిందో నేను డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) చూసి కనిపెట్టాలి. పేజీ రివ్యూకి పెడితే మాత్రం అందరూ కామాలు ఎంచుతారు. ఈ పనికి స్ప్రింట్‌లో టైమివ్వమంటే మేనేజర్ గారు నవ్వి, "డాక్యుమెంటేషనే కదండీ, ఖాళీ దొరికినప్పుడు చూడండి" అన్నారు. ఖాళీనా? పేజీలో కమాండ్లు సరిచూడ్డానికి ఒక్క ఇమేజ్ (పరికరంలో ఎక్కించే లినక్స్ ఫైలు) మొదట్నుంచీ బిల్డ్ చేస్తేనే గంటలు పోతాయి!